సారయ్య చెలక

వెంకట్రాజం మీద సారయ్య మొదటిసారి గెలిచింది 1978లో. మూడేళ్లు తుమ్మ మొద్దులు పెకిలించిన భూమి నుంచి ఆ ఏడు జొన్నలు ఇంటికొచ్చాయి. రఘునాథపల్లి పక్కనున్న వాళ్ల ఊళ్లో తొలి పంట ఇల్లు చేరేదాకా భూమిని దానిమీద మొలిచిన చెట్టూచేమా పేరుతోనే పిలుస్తారు, ఆ తర్వాతే మనిషి పేరుతో. అలా తుమ్మల కంచె అనే ఆ బీడు, మెట్టచేనుగా మారి సారయ్య చెలక అయింది.

సారయ్యకు అన్న వరసైన వెంకట్రాజం మాత్రం మూడేళ్లయినా ఆ మాట పలకలేదు. ఊరికి మొదటి కరెంటు మోటరు తెచ్చింది ఆయన, మొదటి పురుగుమందు పంపు తెచ్చింది ఆయన. అయినా ఆయన దున్నేదంతా తాత పేరుతో పిలిచే పొలమే; ఆయన పేరుతో పిలిచే నేల జానెడు లేదు.

"మన మేక పోయి సారయ్య చెలకల పడ్డదట, జర తోలుకరా పో" అంది భార్య పూలమ్మ.

"ఏ చెలక? అది కంచె!"

"మరి మనదేందయ్యా? రేగుపొదల బీడేనాయె!"

వెంకట్రాజం ఆ పూటే కూలీలను మాట్లాడాడు. వానలకు ముందే గడ్డపారలు పట్టించి, పొదలన్నీ తవ్వించేసరికి ఆలస్యమైనా పెసర చల్లాడు. తన అల్లుడి బావి తవ్వకానికి తొర్రూరు పోయిన సారయ్య తిరిగొచ్చి, 'వెంకట్రాజం చెలక' అనే మాట చెవులారా వినాలని ఆయన పంతం.

కానీ కాయ ఇంకా పచ్చిగానే ఉంది. దసరా దాటితేగాని ఎండదు. సారయ్య వచ్చేది సెప్టెంబరు ఇరవైన; అప్పటికి అది ఇంకా రేగుపొదల బీడే.