నేను పేల్చని కొండ

ఒట్టి నోటితో ఒక కొండను పేల్చి, దాంతోపాటు నాకు రావలసిన ఉద్యోగాన్ని కూడా పేల్చుకున్న వాణ్ణి నేను. తప్పు నాదేనంటారు. కాదు. వినండి, మీరే చెప్పండి.

మైనింగు జోరుగా ఉన్న రోజులవి. మా ఊరు సంగనకల్లు నుంచి గనికి వెళ్ళి, లోడెత్తిన టిప్పర్లకు చీటీలు రాసేవాణ్ణి. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. కొత్త మేనేజరుకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే పోస్టు నాదే. సాయంత్రమే ఇంటర్వ్యూ. బళ్ళారిలో నాకు ఇంగ్లీషు నేర్పే మాస్టరు ఒక చిట్కా చెప్పాడు.

"మీ గనిలో రోజూ జరిగే పనిని తీసుకోప్పా. అన్ని టెన్సుల్లోనూ గట్టిగా అను. భయం అదే పోతాది."

గనిలో రోజూ జరిగేదేమిటి? బ్లాస్టింగు! మధ్యాహ్నం చీటీల గది తలుపేసుకున్నాను. మైకు పట్టుకుంటే ధైర్యం వస్తుందని వాకీటాకీ చేతిలోకి తీసుకున్నాను.

"వుయ్ బ్లాస్ట్. వుయ్ ఆర్ బ్లాస్టింగ్. వుయ్ హావ్ బ్లాస్టెడ్!"

మాట్లాడేటప్పుడల్లా మీట నొక్కడం అలవాటైన బొటనవేలు నాది. అది నొక్కింది. దానికి టెన్సులు తెలుసా పాపం? పదిసార్లు పిలిచినా పలకని డ్రైవర్లు ఆ రోజు మాత్రం ఒక్క ముక్క వదలకుండా విన్నారు. సైరన్ మోగిందా లేదా అని ఒక్కడైనా ఆలోచించాడా?

"ఓడ్రో! బ్లాస్టింగ్! ఓడ్రో!" పరుగెత్తండని బయట కన్నడంలో కేకలు. వాకీటాకీ సెట్టు చేతిలో ఉండగానే నేనూ పరుగెత్తి ఒక టిప్పరు కింద దూరాను. అక్కడ అప్పటికే మేనేజరు, ఆయన పక్కన డ్రైవర్ తిప్పన్న బోర్లా పడుకుని ఉన్నారు.

"ఏమి తిప్పన్నా, ఈ టైములో బ్లాస్టింగేంది?"

"సెట్లో చెప్పినారప్పా. పేల్చేసినామనీ చెప్పినారు. సద్దు మాత్రం రాలేదు. మందు పేలకుండా లోపలే ఉండాది. ఇప్పుడు కదిలితే సస్తాం!"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నం తినే టైములో పేల్చేదేంది? ఎవడప్పా ఆ గాడిద? వాణ్ణి తెచ్చి ఆ గుంతలోనే కూర్చోబెట్టాల!"

మేనేజరు సెట్టు కీచుమంది. వెంటనే అందులోంచి నా గొంతే, నా తిట్టే. తిప్పన్న నా ముఖం చూశాడు, తర్వాత మీట మీదున్న నా బొటనవేలు చూశాడు.

"పేల్చేసినామని చెప్పింది గూడా ఈ గొంతే కదప్పా!"

"వాజ్ ఇట్ యూ?" అన్నాడు మేనేజరు, నెత్తిన ఎర్రదుమ్ముతో.

"యెస్ సర్. ఐ వాజ్ ప్రాక్టీసింగ్."

తడబడకుండా నేను మాట్లాడిన మొట్టమొదటి ఇంగ్లీషు అదే. ఇంటర్వ్యూ కూడా అక్కడే, టిప్పరు కిందే ముగిసింది.

పోస్టు తిప్పన్నకు ఇచ్చారు. "అతనికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు కదా సార్" అని ఎవరో అంటే, "అందుకే" అన్నాడట మేనేజరు.

ఆ రోజే ఎర్రమట్టి పిడికిట పట్టి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇంగ్లీషు వల్లించినంతసేపూ నా రెండు చేతులూ వీపు వెనకే ఉంటాయి.