లేని పచ్చ తలుపు గురించి అడిగిన మా వసుంధరక్క

నిన్న మధ్యాహ్నం బావ ఫోన్ చేశారు.

"చిన్నీ, అక్క పోయింది."

అంతే అన్నారు.

రెండేళ్లుగా క్యాన్సర్‌తో అక్క పడే బాధ చూస్తూనే ఉన్నాం. డాక్టర్లు కూడా చెప్పేశారు. అయినా ఆ మాట వినగానే ఫోన్ పెట్టేశాను.

కాసేపటికి మళ్లీ నేనే చేశాను. "నొప్పి పడిందా బావా?"

"లేదమ్మా. రెండు ముద్దలు తిని పడుకున్నింది. నిద్రలోనే పోయింది."

అప్పుడొచ్చింది ఏడుపు. అందులో సగానికి పైగా ఊరటే. తప్పుగా అనుకోకండి. చివరి ఆరు నెలలు దగ్గరుండి చూసినవాళ్లకు అర్థమవుతుంది.

వసుంధరక్క మా పెదనాన్న కూతురు. సౌకార్‌పేటలో మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. తొంభైల్లో మా ఇళ్లలో ఆడపిల్ల బీకామ్ చదివితేనే గొప్ప. అక్క సైకాలజీ చదివింది. ఆపైన ఫోరెన్సిక్ సైకాలజీలో రీసెర్చ్ చేస్తానంది. నిందితులు, సాక్షులు ఎందుకు, ఎలా మాట్లాడతారో తెలుసుకునే చదువు అది.

పెదనాన్న తల పట్టుకున్నారు. "సదువుకో, వద్దన్లా. పోలీస్ స్టేషన్ మెట్లెక్కే సదువేందమ్మా?"

నెల రోజుల గొడవ తర్వాత ఒక కండిషన్ మీద ఒప్పుకున్నారు. "సరి, పో. ఆడికి మాత్రం ఒంటిగా పోవద్దు. చిన్నీని తోడు తీసుకోని పో."

అలా డిగ్రీ సెకండియర్‌లో ఉన్న నేను ఒకరోజు స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను.

అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్ రూమ్ తగలబడింది. వాచ్‌మన్ ఒళ్లు కాలి, మాట్లాడలేని స్థితిలో ఆస్పత్రిలో ఉన్నాడు. అక్కడ ఊడ్చే మునెమ్మ మీద అనుమానం. ముందురోజే సూపర్‌వైజర్‌తో పోట్లాడిందట. మూడు రోజులు వరసగా పిలిపించి అడిగితే, "నేనే అంటించినా" అని ఒప్పుకుంది.

ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. అడిగిన ప్రతిసారీ ఒక్కో రకంగా చెబుతోందని అక్కకు పాఠాలు చెప్పే ప్రొఫెసర్‌ను సాయం అడిగారు. మునెమ్మది తిరుత్తణి వైపు, ఇంట్లో తెలుగే, తమిళం అంతంతే. అందుకే ప్రొఫెసర్ అక్కను వెంట తీసుకెళ్లారు.

అక్క ముందుగా వెళ్లి ఆ కాలిన గది చూసి వచ్చింది. తర్వాత మునెమ్మ పక్కనే స్టూల్ వేసుకుని కూర్చుంది. టీ తెప్పించింది. పిల్లలెంతమందని అడిగింది. ఆమె టీ తాగేదాకా ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత మామూలుగా, "ఆ పొద్దు పచ్చ తలుపు తీసుకోని లోపలికి పోయినావా?" అంది.

"అవును మా."

"వచ్చేటప్పుడు కిటికీ మూసినావా?"

"మూసినా మా."

రాసుకుంటున్న ఇన్‌స్పెక్టర్ తలెత్తారు. ఆయన తమిళుడు, తెలుగు కొంచెం అర్థమవుతుంది. ఆ గదికి పచ్చ తలుపు లేదు, ఇనుప షట్టర్ ఉంది. కిటికీ అసలే లేదు.

రోజూ ఆ గది ఊడ్చే మనిషికి అది తెలియదా?

అక్క గొంతు పెంచలేదు. "ఆడ కిటికీ లేదు గదమ్మా. ఎందుకు అవునంటా ఉండావు?"

మునెమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"కాదంటే మళ్లీ మొదట్నించి అడగతారు మా. అవునంటే రేపట్నించి రమ్మనరనుకున్నా. మూడు దినాలుగా పనికి పోలా. పిల్లోళ్లు పస్తుండారు."



ఆ ఒప్పుకోలును నమ్మడానికి లేదని ప్రొఫెసర్ రాసిచ్చారు. ఇన్‌స్పెక్టర్ అరెస్ట్ ఆపారు. ఫ్యాక్టరీ వాళ్లు మండిపడ్డారు. కాలేజీ పిల్ల మాట విని నిప్పుపెట్టిన మనిషిని వదిలేస్తారా అన్నారట. ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది.

అక్కకు అన్నం సహించలేదు. మేడ మీద బట్టలు ఆరేస్తూ ఒకరోజు నాతో అంది. "ఆమె ఒప్పుకున్నది నమ్మొద్దని మాత్రమే నేను చెప్పగలిగినా చిన్నీ. ఆమె చేయలేదని చెప్పలేను. నిజంగా ఆమే చేసుంటే? ఆ వాచ్‌మన్ పెండ్లానికి ఏం చెప్పేది?"



మూడు వారాల తర్వాత మా కొట్టు ముందు పోలీస్ జీపు ఆగింది.

వీధి వీధంతా గుమిగూడింది. పెదనాన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తారు. "సార్, మా పాప ఏమన్నా తప్పు చేసిందా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి, వచ్చీరాని తెలుగులో చెప్పారు. "ఇల్లె సార్, తప్పేం లేదు. వాచ్‌మన్ నిన్న మాట్లాడినాడు. స్విచ్ బోర్డులో నిప్పు లేచింది. అతనే చూసినాడు. ఆర్పేకి పోయి కాలినాడు. ఎవరూ అంటించలేదు. మీ పొణ్ణు, మీ పాపకి నేనే వచ్చి చెప్పాలని వచ్చినా."

పెదనాన్న జనం వైపు తిరిగి అరిచారు. "కేసూ లేదు, ఏమీ లేదప్పా! మా పాప సదువు కోసం వచ్చినారు! పోండి, పోండి!"

నేను కొట్టు వెనక వంటింట్లోకి పరిగెత్తి, నిప్పు ఎవరూ అంటించలేదని చెప్పాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వాచ్‌మన్ బతికినాడా?" అదే మొదటి ప్రశ్న.

"బతికినాడక్కా."

"మునెమ్మ చేయలా. చిన్నీ, ఆమె చేయలా."

నవ్వుతోంది. ఏడుస్తోంది. ఒక మనిషి గుండెల మీంచి బరువు దిగడం కళ్లారా చూశాను.

తర్వాత ఎన్నో ఏళ్లు అక్క పోలీస్ ట్రైనీలకు క్లాసులు చెప్పింది. "మీకు కావాల్సిన జవాబును ప్రశ్నలో పెట్టి ఇవ్వకండి. ఏం జరిగిందో చెప్పమని, నోరు మూసుకుని వినండి" అనేది. మొదటి క్లాసుకు స్కూటర్ మీద గేటు దాకా దింపి వచ్చింది పెదనాన్నే.

ఈరోజు పొద్దున చివరిసారిగా తన మొహం చూశాను. రెండేళ్లుగా పంటి బిగువున ఓర్చుకున్న నొప్పి ఆనవాలు కూడా లేదు.

నీకు శాంతి దొరకాలని అందరూ రాస్తున్నారక్కా. నిన్న మధ్యాహ్నమే దొరికిందని నా నమ్మకం.

పోయిరా.