దువ్వెన సంగతి చెప్పొద్దన్నాను

ఇది దేవునికి తెలుసు. మోకాళ్ల మీద ఎన్నోసార్లు ఆయనతో చెప్పుకున్నాను. ముందే తెలిసినవాడికి చెప్పడం తేలిక. మనిషికి మాత్రం చెప్పలేకపోయాను. ఇన్నేళ్లూ మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నా చెల్లెలికి ఒక జ్ఞాపకం ఉండేది. దాన్ని తీసేసి, ఆ స్థానంలో నేను కల్పించింది పెట్టాను.

మాది హిందూపురం. తొంభైల మొదట్లో చెల్లెలు సలోమికి మనసు చెదిరింది. నిద్ర పోయేది కాదు, అన్నం ముట్టేది కాదు, గోడతో మాట్లాడేది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాం. తగ్గలేదు. చివరికి నాయన ఎవరికీ చెప్పకుండా బెంగుళూరు అవతల ఒక పాత పిచ్చాసుపత్రిలో చేర్చాడు. కొన్ని నెలల తర్వాత బాగైందని కబురొస్తే నేనే వెళ్లి తీసుకొచ్చాను.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆసుపత్రి గురించే చెప్పింది. ఎత్తైన రాతిగోడలు. మొదట్లో భయమేసి మంచం కింద దూరి పడుకున్న సంగతి. లేని బిడ్డకు పగలంతా జోల పాడే ఒకావిడ. పొద్దున్నే ఎండలో ఆడవాళ్లందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి, లక్కమ్మ అనే కన్నడ ఆయా తలలు దువ్వేదట. ఒక్కో తల పట్టుకుని "ఊట ఆయ్తా?" అనేదట, అన్నం తిన్నావా అని. బదులు చెప్పనివాళ్లను కూడా అడిగేదట. ఒకరోజు సలోమి తల సగం దువ్వి ఆపి, దువ్వెన దాని చేతికిచ్చి, పక్కామె దగ్గరికి జరిగిపోయిందట.

"మిగిలింది నేనే దువ్వుకున్యానక్కా. ఆ పొద్దే నాకు బాగైంది" అంది సలోమి.

మా సంఘంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ ఉంటుంది. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. నిలబడటానికి జంకేవాళ్లకు నేను నేర్పేదాన్ని. సాక్ష్యం ఎలా నడవాలో నాకు బాగా తెలుసు. ముందు చీకటి, తర్వాత మొర, ఆ తర్వాత వెలుగు. సలోమిని వంటింట్లో నిలబెట్టి అలాగే నేర్పాను. ఆసుపత్రి అనకూడదు, చీకటిగది అనాలి. ఉపవాస ప్రార్థన మూడో రోజున మంచం మీదికి వెలుగు దిగింది అనాలి. అలాంటి వెలుగేదీ రాలేదని మా ఇద్దరికీ తెలుసు.

"మరి లక్కమ్మ గురించి చెప్పొద్దా?" అంది.

"దువ్వెన గురించి ఎవరన్నా సాక్ష్యం చెప్తారా? జనం నగుతారే."

"నగనీలేక్కా. లక్కమ్మదే గుండు. గుండుదానికి దువ్వెన మీద పెత్తనమేందని మేమంతా నగుతాంటిమి. ఆమె గూడా నగేది."

నాకూ నవ్వొచ్చింది. నవ్వాను. నవ్వి, వద్దన్నాను.

నా చెల్లెల్ని బాగుచేసింది దేవుడే. అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆయన లక్కమ్మ చేతులతో ఎందుకు బాగుచెయ్యకూడదు? వాక్యం అంత చదివినదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఈ చిన్న సంగతి నాకు తట్టలేదా, లేక ఆసుపత్రి మాట బయటికొస్తే మా ఇంటి పరువూ మా ప్రార్థనల పరువూ పోతాయని నేనే తట్టనివ్వలేదా? అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ నాకు చిన్ననాడే కంఠతా వచ్చు. దాన్ని ఇతరులకే చెప్పాను.

సలోమి సాక్ష్యం విని మా మందిరంలో అందరూ ఏడ్చారు. పెనుకొండ వాళ్లు పిలిచారు. ఆ తర్వాత ధర్మవరంలో పెద్ద పందిరి వేసి పిలిచారు. పక్కన నిలబడి, అది తడబడితే నేనే మాట అందించేదాన్ని.

ధర్మవరంలో కూడిక అయ్యాక ఒక తల్లి సలోమి చేతులు పట్టుకుంది. "మా పిల్లోనికీ ఇదే జబ్బమ్మా. నువ్వు మాత్రలేమన్నా మింగుతాండావా?" అని అడిగింది. సలోమి నా వైపు చూసింది. ఆసుపత్రిలో ఇచ్చినవి అది రోజూ మింగుతూనే ఉంది. మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. "ఏం లేవమ్మా, అంతా దేవుడే" అన్నాను నేను.

ఆ పిల్లవాడు ఏమయ్యాడో నాకు తెలియదు. తెలుసుకోవడానికి నేను మళ్లీ ధర్మవరం పోలేదు.

తిరుగు రైల్లో పెనుకొండ దాటాక సలోమి అంది. "నేను మింగుతాండా గదక్కా. ఆమెకు అట్ల చెప్పినావే. దేవుని ముందర అబద్ధమైపాయ గదా."

"నోరు మూసుకోని కూచో. అందరూ వింటాండారు" అన్నాను.

మూసుకుంది. ఆ వారం నుంచి మాత్రలు మానేసింది. చెప్పిన సాక్ష్యం నిజం కావాలని మానేసింది. మా ఇంట్లో నిజమైన విశ్వాసి ఎవరంటే అదే. డబ్బాలో మాత్రలు తరగడం లేదని నేను చూశాను. చూసి కూడా అడగలేదు. మాత్రల్లేకుండా నిలబడితే నేను చెప్పిందే నిజమవుతుందని ఆశపడ్డానా? పడ్డాను.

వానలు మొదలయ్యేసరికి మళ్లీ గోడతో మాట్లాడసాగింది. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి నెలలు కాదు, ఏళ్లు. సంఘంలో అడిగినవాళ్లకు బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని దొరికిందని చెప్పాను. రెండోసారి పోయేసరికి లక్కమ్మ ఇంకా అక్కడ ఉందో లేదో కూడా నేను అడగలేదు. సలోమి చెప్పలేదు. ఇంటికి తిరిగొచ్చేసరికే మాట తగ్గిపోయింది. చేతులు వణుకుతాయి. రోజూ నేనే తల దువ్వుతాను.

ఈమధ్య ఆ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ మా ఇంటికొచ్చారు. పాత వార్డు పడగొడుతున్నారట. అక్కడ ఉన్నవాళ్ల జ్ఞాపకాలు పోకుండా దాచాలని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. చిన్న టేప్ రికార్డరు బల్ల మీద పెట్టి, "ఆ వార్డు గురించి నీకేం జ్ఞాపకముంటే అది చెప్పమ్మా" అన్నారు.

సలోమి వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. నేను నేర్పినట్టే చేతులు కట్టుకుంది. అన్ని మాటలాడి ఎన్నాళ్లయిందో, ఎక్కడా తడబడకుండా చెప్పింది. చీకటిగది. మొర. మూడో రోజు మంచం మీదికి దిగిన వెలుగు. అన్నీ నా మాటలే. ఆవిడ ఓపికగా విని, మీట నొక్కి ఆపి, చిరునామా రాసిచ్చి వెళ్లిపోయారు. నేను టీ గ్లాసులు తీశాను.

తర్వాత అడిగాను. "సలోమీ, లక్కమ్మ గుర్తుండాదా?"

"యా లక్కమ్మ, అక్కా? మన వీధిలోనా?"

అంటే ఇప్పుడది నా ఒక్కదాని దగ్గరే ఉంది. నాది కానిది నా దగ్గర ఉంది. ఆ జ్ఞాపకాల్లో దీన్నీ దాచమని, ఆవిడ ఇచ్చిన చిరునామాకు పంపుతాను. ఆవిడకు ఎలాగూ తెలుస్తుంది గానీ, చదివే మీకు నా పేరు రాయను. ఆ ధైర్యం ఇంకా రాలేదు.

ఈ పొద్దున దాని తల సగం దువ్వి ఆపాను. దువ్వెన దాని చేతిలో పెట్టాను. సలోమి దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందక్కా, చెయ్యి నొస్తాందా?" అని నాకే తిరిగి ఇచ్చింది.

లేదన్నాను. మిగిలింది దువ్వి జడ వేశాను. ఆ తర్వాత కూర్చుని ఇది రాశాను. దువ్వెన సంగతి చెప్పొద్దన్నది నేనే. ఇదిగో, చెప్పాను.