స్నేహం పేజీకి నేను పెట్టిన టిక్కు

2016 సెప్టెంబరులో అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా పాఠ్యపుస్తకాల సంస్థ నన్ను తొమ్మిదో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకానికి సీనియర్ ఫ్యాక్ట్ చెకర్‌గా వేసింది. హోదా ఘనంగా వినిపిస్తుంది గానీ పని సాదాది. రచయిత రాసిన ప్రతి వాక్యానికీ రెండు వేర్వేరు ఆధారాలు చూడాలి. దొరికితే ప్రూఫు అంచున ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. లేకపోతే ‘క్వెరీ’ రాయాలి. క్వెరీ తేలని వాక్యం అచ్చుకు వెళ్లదు.

నా వంతుకు వచ్చినవాటిలో ‘మంచి పొరుగువారు’ అనే రెండు పేజీల పాఠం ఒకటి. భారత్, భూటాన్‌ల చిరకాల మైత్రి దాని విషయం. రాసినాయన పేరున్న ప్రొఫెసరు. భూటాన్‌లో తొమ్మిది రోజులు తిరిగి కొండలూ మఠాలూ చూసొచ్చాడు గానీ రెండు దేశాల మధ్య ఉన్న ఒప్పందం మాత్రం చదవలేదు. విదేశీ వ్యవహారాల్లో భూటాన్ ఇప్పటికీ భారత్ సలహా ప్రకారమే నడుచుకోవాలని రాశాడు. అది 1949 నాటి షరతు. 2007లో ఒప్పందాన్ని తిరగరాసినప్పుడు దాన్ని తీసేసి, పరస్పర సహకారమని మార్చారు. నేను క్వెరీ రాస్తే ఆయన దిద్దుకున్నాడు. దిద్దుతూ, ఇండియన్లకు ఈ విషయంలో పట్టింపు ఎక్కువని అంచున ఒక ముక్క రాశాడు. తప్పు ఆయనది, పట్టింపు నాది!

ఆయన్ను వెక్కిరించే హక్కు నాకు ఎంతోకాలం నిలవలేదు. ఈ స్నేహంవల్ల రెండు దేశాల్లో ప్రతి ఒక్కరూ లాభపడ్డారన్నది పాఠంలో చివరి వాక్యం. రెండు ప్రభుత్వాల ప్రకటనలూ తీసి చూశాను. రెండూ ఇంచుమించు ఆ మాటే అన్నాయి. ఆధారాలు రెండు అయ్యాయి కాబట్టి టిక్కు పెట్టాను.

మరుసటి వారం హరి ఆ ప్రూఫు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. లేఅవుట్ విభాగంలో పేజీలు కూర్చే ఉద్యోగి, ముప్పయ్యారేళ్లవాడు, నెమ్మదస్తుడు. నేపాలీ మాట్లాడతాడు కాబట్టి నేపాల్ మనిషే అనుకున్నాను. ఆరేళ్లు పక్క గదిలో పనిచేసినా, ఏ ఊరని అడిగిన పాపాన పోలేదు.

“మేడమ్, ఈ టిక్కు మీదేనా?” అని ఇంగ్లీషులో అడిగాడు. నాదే అన్నాను.

“అయితే ఆ ‘ప్రతి ఒక్కరి’లో మా నాన్న లేడు.”

దక్షిణ భూటాన్‌లో వాళ్లకు నారింజ తోట ఉండేదట. తొంభైల మొదట్లో అక్కడి నేపాలీ మాట్లాడే కుటుంబాలను వేలకు వేలుగా వెళ్లగొట్టినప్పుడు హరికి పదకొండేళ్లు. సరిహద్దు దాటి ఇండియాలో అడుగుపెట్టారు. అక్కడి పోలీసులు కొట్టలేదు, తిట్టలేదు. లారీ ఎక్కించి నేపాల్ సరిహద్దులో దించి వెళ్లిపోయారు. తండ్రి తోట పట్టా దాచుకుని నేపాల్‌లో శరణార్థి శిబిరంలోనే పోయాడు.

“మమ్మల్ని ఉండనిస్తే మీ స్నేహం చెడిపోతుంది కదా, మేడమ్,” అన్నాడు హరి. ‘మీ’ అన్న మాటను నొక్కి పలకలేదు. నొక్కినా బాగుండేది.

టిక్కు చెరిపి క్వెరీ రాశాను. శరణార్థుల మీద వచ్చిన నివేదికలు రెండు వెతికి, ఆ వాక్యానికి బదులుగా ఈ వెళ్లగొట్టడం గురించి రెండు వాక్యాలు రాశాను. సాయంత్రానికల్లా ఫ్రిస్కో నుంచి మోహన్ ఫోన్ చేశాడు. టెక్సస్‌లో మా పుస్తకాల అమ్మకాలు చూసే మేనేజరు, గుంటూరువాడు.

“సుశీల గారూ, ప్రింట్ డేట్ మిస్ అయితే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆర్డర్ పోతుందండీ. అయినా భూటాన్ గురించి ఎవరు చదువుతారు? లైట్ తీసుకోండి.”

“ఎవరూ చదవనిదాన్ని ఎందుకు అమ్ముతున్నారు?”

“అబ్బా, మీరు మరీనండీ! మన కంట్రీ గురించి మనమే నెగెటివ్‌గా రాయిస్తే ఎలా?”

ప్రొఫెసరుకు నేను ఇండియా పక్షపాతిని, మోహన్‌కు ఇండియా ద్రోహిని. నెల తిరక్కుండా రెండు బిరుదులు!

సంపాదకుల సమావేశం అరగంట జరిగింది. ప్రొఫెసరు ఫోన్‌లో మాట్లాడాడు. జరిగింది విచారకరమే గానీ స్నేహం పాఠంలో దానికి చోటు లేదని, శరణార్థుల పాఠంలో వేసుకోవచ్చని చెప్పాడు. ఆ పుస్తకంలో శరణార్థుల పాఠం లేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయినా అందరూ తలలూపారు. చివరికి ఆయన వాక్యం తీసేశారు, నావీ వేయలేదు. మిగిలిన ఖాళీకి, ఆ పేజీలోనే ఉన్న భూటాన్ విలుకాళ్ల ఫొటో పెద్దది చేయమన్నారు.

ఆ పని హరిదే. నాలుగు నిమిషాల్లో ముగించాడు. నేను వెనక నిలబడి, అబద్ధమైతే పోయింది కదా అన్నాను.

“పోయింది మేడమ్. మేం కూడా,” అని తర్వాతి పేజీ తెరిచాడు.

ఇక ఆ పాఠంలో తప్పు వాక్యమంటూ లేదు కాబట్టి నిబంధన ప్రకారం సంతకం చేశాను. పుస్తకం బాగానే అమ్ముడైంది.

మైత్రి గురించి ఆ మైత్రిలో ఉన్న ఇద్దర్నీ అడిగితే రెండు ఆధారాలు కావు, ఒక్కటే అవుతుంది. ముప్పయ్యేళ్ల సర్వీసున్న నాకు ఆ మాత్రం ఒక లేఅవుట్ ఉద్యోగి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా అలాంటి పాఠం వచ్చినప్పుడల్లా మూడో ఆధారం కోసం వెతికాను. రెండుసార్లు దొరికింది. ఒక్కసారీ అచ్చు కాలేదు.