మేస్త్రిగారి ఎర్ర గీతలు

ఇప్పుడొక మహాకావ్యం చెబుతాను. ధీరుడైన నాయకుడు, ఘోరయుద్ధం, వియోగం అన్నీ ఉంటాయి. నిజానికి నాయకుడు పెడనలో కలంకారీ గుడ్డలు కాలువలో ఉతికించే మేస్త్రిగారు. యుద్ధం, అదే కార్ఖానాలో పనుల లెక్క చూసే నేను అప్పుడే నేర్చుకుంటున్న ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌తో.

అందులో ప్రతి పనికీ ఒక గీత, ఒక పేరు, ఒక గడువు ఉంటాయి. గడువు దాటితే గీత ఎర్రబడుతుంది. మేస్త్రిగారికి మాత్రం గుడ్డను చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకోవడమే రిపోర్టు.

"ఎంత శాతం అయిందండీ?" అని రోజూ అడిగేవాణ్ణి.

"ఎండాకాలమని కాలవ కట్టేశారు గదా బాబూ. పారే నీళ్లు లేకపోతే రంగు మసకబారుద్ది. ఆ మాట మీ పెట్టెలో రాసుకోండి."

"ఇందులో కాలవకి గడి లేదండీ."

"మరి అందులో గుడ్డలెట్టా ఉతుకుతారు?"

నవ్వాను. ఆయన పేరు మీద పదకొండు గీతలు ఎర్రబడ్డాయి.

నెలకోసారి బందరు నుంచి వచ్చే కొత్త ఓనరు స్క్రీన్ చూశాడు. "ఏంటి మేస్త్రిగారూ, అన్నీ మీ దగ్గరే ఆగాయి? ఇక ఇంటి పట్టున ఉండండి."

మేస్త్రిగారు నావైపు చూశారు. కాలువ సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను చార్టును కాస్త పెద్దది చేసి చూపించాను. ఆయన చేతిలోని గుడ్డను చెంపకు ఆనించుకుని, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. వాళ్ల వీధి మొదలు దాకా రెండుసార్లు వెళ్లి బండి వెనక్కి తిప్పాను.

కాలువ కట్టేసిన రోజులను సెలవులుగా పెట్టుకునే బటన్ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. పైన, కుడివైపు.