పెదనాన్నకు చూపించని రెండో పేజీ

మా పెదనాన్న పోయిన మంగళవారం ఉదయం గిద్దలూరులో, తన ఇంట్లోనే కన్నుమూశారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు, జబ్బు పేరు చాన్నాళ్ళు ఆయన చెవిన పడనీకుండా బాగా చూసుకున్నావని నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు వింటుంటే ఒళ్ళు మండుతోంది, ఎక్కువగా నా మీదే.

ఆయన దస్తావేజులు రాసేవారు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో ఆయన బల్ల. నాకు చదవడం వచ్చింది ఆ బల్ల దగ్గరే. అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ ఎదురుగా కూర్చోబెట్టి, రాసినదంతా చివరిదాకా పైకి చదివి వినిపిస్తేగాని సంతకం పెట్టనిచ్చేవారు కాదు. బస్సు పోతుందని మొత్తుకున్నా వినేవారు కాదు. చాటుగా ఆయన్ని నస తాత అనేవాళ్ళు. ఒకసారి కొమరోలు రైతు ఒకాయన వేలికి సిరా అంటించుకుని సిద్ధంగా ఉన్నాడు. పెదనాన్న చదువుతుంటే విని, బోరు దగ్గరికి పోయే దారి అందులో లేదని ఆయనే కనిపెట్టాడు. ఆ దారి లేకపోతే కొన్న చేనుకు నీళ్ళు లేనట్టే. పెదనాన్న మొత్తం మళ్ళీ రాశారు.

"రాసేది నేనే అయినా చేను ఆయనది గదా. ఆయన ఇనాల" అన్నారు నాతో.

అట్లాంటి మనిషికి ప్రొస్టేట్ క్యాన్సర్ అని గుంటూరులో తేలింది. ఆ మాట వింటే మనిషి ఆ పూటే కూలిపోతాడంది పెద్దమ్మ. అందరం సరేనని, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని చెప్పాం. మా వైపు ఇదొక మర్యాద. జబ్బు ఎవరిదో వాళ్ళకు తప్ప ఊరందరికీ తెలుస్తుంది. ఒళ్ళంతా స్కాన్ తీశాక రిపోర్టు నా చేతికే వచ్చింది. ఎముకలకు పాకలేదని మొదటి పేజీలోనే ఉంది. ఆ సంతోషంలో రెండో పేజీ చదవకుండానే ఆ ఒక్క పేజీని ఫొటో తీసి డాక్టరుకు ఫోన్లో పంపాను. ఇంతేనా అని ఆయన అడిగితే ఇంతేనన్నాను. ఇంజెక్షన్లు మూడు నెలలకోసారి గిద్దలూరులోనే వేయించమన్నారు.

రిపోర్టు ఏదని పెదనాన్న చాలాసార్లు అడిగారు. ఇంగ్లీషైనా కూడబలుక్కుని చదువుకుంటానన్నారు. డాక్టరు దగ్గరే ఉందని అబద్ధం చెప్పాను. అది బీరువాలో పెద్దమ్మ చీరల కింద ఉంది.

ఏడాది దాటాక దగ్గితే రక్తం పడింది. మళ్ళీ గుంటూరు, మళ్ళీ స్కాన్. ఈసారి పాత కవరు మొత్తం తీసుకుపోయాను. డాక్టరు రెండో పేజీ తిప్పి చదివారు. ఎడమ కిడ్నీలో చిన్న గడ్డ కనబడిందని, అది ప్రొస్టేట్‌ది కాక వేరే క్యాన్సర్ కావచ్చని, వెంటనే విడిగా పరీక్ష చేయించమని అందులో రాసి ఉంది. అప్పుడే చూపించి ఉంటే ఆపరేషన్‌తో పోయేదేమో అన్నారు. ఇప్పుడది ఊపిరితిత్తులకు పాకింది.

పెదనాన్న పక్కనే కూర్చుని అంతా విన్నారు. చెయ్యి చాపి ఆ కాగితాలు తీసుకుని, పెదాలు కదుపుతూ చివరిదాకా చదివారు. తేదీ దగ్గర కాసేపు ఆగారు.

అక్కడే నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు రైలు మార్కాపురం దాటింది. తర్లుపాడు దగ్గర సంచిలోంచి బత్తాయి తీసి ఒలుస్తూ, మామూలుగానే అడిగారు.

"నేను భయపడతానని నీకెవురు చెప్పినారు అబ్బయ్యా?"

ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం. ఆయన సగం కాయ నా చేతిలో పెట్టి, మిగతా సగం తినడం మొదలుపెట్టారు. గిద్దలూరు స్టేషన్లో దిగేదాకా నేను ఆ తొనలు అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. రసం మణికట్టు దాకా కారింది.