కత్తి ఆగిన చోటు

ఆవిడ ఈ దేశంలో పెద్ద రచయిత్రి. నాకు మాత్రం బీన్స్ వేపుడులో కొబ్బరి ఇంకాస్త వేయమనే మనిషి. ప్లెయిన్స్‌బరోకి దగ్గర్లో, చెట్ల మధ్య పాత ఇల్లు. వారానికి మూడు రోజులు వంట చేయడానికి వెళ్లేదాన్ని. మా అమ్మాయి ఆఫీసుకి పోతూ దింపేది. బహుమతిగా వచ్చిన ఇత్తడి బొమ్మను ఆవిడ స్టోర్ రూము తలుపుకి అడ్డంగా పెట్టుకుంది. ఇద్దరు మొగుళ్లను వదిలేసింది. ఎందుకని అడిగితే, "వాక్యం మధ్యలో పిలిచేవాళ్లు" అంది.

పొద్దున్నే నిలబడి పెన్సిలుతో రాసేది. తర్వాత టైపు చేసి, పదకొండింటికి ఆ కాగితాలతో నా ఎదురుగా కూర్చుని పైకి చదివేది. నేను తలెత్తకుండా కూరగాయలు తరిగేదాన్ని. ఇంగ్లిషు నాకు ఐసెలిన్‌లో రెస్టారెంటు వంటింట్లో చెవిన పడి వచ్చిందే. అక్షరం ముక్క రాదు. అందుకే ఆవిడకి నేను కావాల్సి వచ్చింది.

"చదువుకున్నవాళ్లు మర్యాదకి మెచ్చుకుంటారు. నీ కత్తికి మర్యాద తెలీదు. అది ఆగిన చోటు ఉంచుతాను, ఆగని చోటు కొట్టేస్తాను" అంది ఒకరోజు.

"బీన్స్ అయిపోయి ఆగితేనో, మేడమ్?"

"ఇంకో గుప్పెడు ముందేసుకో."

శనివారాలు లైబ్రరీలో నేను అక్షరాలు నేర్చుకుంటున్నానని ఆవిడకి చెప్పలేదు. చెబితే నా కత్తికి విలువ పోతుందని భయం. అరవై దాటాక మొదటిసారి ఒకళ్లకి పనికొచ్చే చెవి నాకు దొరికింది మరి. (తెలుగు అక్షరాలు ఆ తర్వాత మనవరాలి పక్కన కూర్చుని దిద్దాను. ముందు పరాయి భాష, తర్వాత సొంతది. సిగ్గేమీ లేదు.)

ఒకరోజు ఫోన్ మోగితే కాగితాలు టేబుల్ మీదే వదిలి ముందుగదిలోకి వెళ్లింది. వేలు పెట్టి ఒక్కో మాట కూడబలుక్కుని చదివాను. కథలో ఒక వంటావిడ. మొగుడు పోయిన రోజున ఫ్రిజ్ తలుపు తెరిచి, ఆ వెలుగులో నిలబడి చద్దన్నం తింటుంది.

అది నేనే. ఇటువైపు రాకముందు నోవైలో ఉండగా, మంచు పడుతున్న రోజు మా ఆయన పోయారు. అమ్మాయి ఏర్పాట్లకని బయటికి వెళ్లింది. ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. నాకేమో కడుపు కాలిపోయేంత ఆకలి. ఆవకాయ కలుపుకుని రెండుసార్లు పెట్టుకుని తిన్నాను. రుచిగా ఉంది కూడా. అమ్మాయి తిరిగొచ్చి, "పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు కదమ్మా" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను తలూపాను. అప్పట్నుంచి వచ్చినవాళ్లందరికీ అదే చెబుతుంది, గొప్పగా. అల్లం చెక్కు తీస్తూ ఈ సంగతి నేనే ఆవిడ దగ్గర వాగాను. ఆవిడ పుస్తకాలు మా అమ్మాయి ఒక్కటి కూడా వదలదు.

ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. ఆ పేజీ చదవడం మొదలుపెట్టింది. నేను కత్తి ఆపలేదు. ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది, ఆపలేదు. ఆవకాయ దగ్గరికొచ్చింది, అయినా ఆపలేదు. ఆవిడ నన్ను చూసి, పేజీ మళ్లీ మొదట్నుంచి చదివింది. టకటకా తరుగుతూనే ఉన్నాను.

"ఇవి వేపుడుకి పనికొస్తాయా?" అంది. చూస్తే బీన్స్ పొడి పొడి అయిపోయాయి.

"పచ్చడి చేస్తాను."

ఆవిడ పేజీ మీద అడ్డంగా గీత కొట్టింది. మడిచి నా లంచ్ బ్యాగులో పెట్టింది. చదువు రాని మనిషికి కాగితం ఎందుకు? నాకు చదవడం వచ్చని కనిపెట్టేసినట్టుంది. ఆ మర్నాటి నుంచి నా ఎదుట చదవడం మానేసింది. పదకొండయ్యేసరికి నాకు ఏమీ తోచేది కాదు. కడిగిన గిన్నెలే కడిగేదాన్ని.

పుస్తకం పోయినేడు వచ్చింది. అమ్మాయి సోఫాలో పడుకుని పూర్తి చేసింది.

"అమ్మా, ఇందులో కుక్ నువ్వే కదా! హస్బెండ్ పోతే ఒక్క మెతుకు కూడా ముట్టదు. నువ్వు అలా ఉండటం నేను చూశాను కాబట్టి బిలీవ్ చేశాను కానీ, లేకపోతే టోటల్ ఫేక్ అనేదాన్ని. ఆవిడ రాసినవాటిలో ఇదొక్కటే చచ్చుగా ఉంది."

ఆ రోజంతా కూర్చోలేక, నిలబడలేక తిరిగాను. ఆవిడ నిజం రాస్తే నేను కొట్టించాను. నా అబద్ధం ఆవిడ పేరు మీద అచ్చయింది. గీత కొట్టిన కాగితం నా చీరల మధ్య ఉంది. తీశాను, మళ్లీ పెట్టేశాను. సాయంత్రం అమ్మాయి టీ తాగుతుంటే తెచ్చి కప్పు పక్కన పడేశాను.

"ఏంటిది?"

"చదువు."

"నువ్వు చెప్పొచ్చు కదమ్మా?"

"ఆవిడ బాగా చెప్పింది. చదువు."

వంటింట్లోకి వెళ్లి బీన్స్ ముందేసుకున్నాను. కత్తి పట్టుకున్నాను. అవతల కాగితం చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఒక్క కాయ కూడా తరగలేదు.